వీపువైపు చోటు – ఆరో భాగం

పోయిన వారం మన కుట్టు పిన్నిని మోచేతికి చెక్క స్కేలు కట్టించుకుని, పదకొండు మంది ఎదుట తల వంచుకుని నిలబడిన చోట వదిలేసి వచ్చాం. మనం వారం రోజులు హాయిగా మన పనులు చూసుకున్నాం. ఆవిడకి మాత్రం గడిచింది ఒక్క రాత్రే, అదీ సరిగ్గా నిద్రపట్టని రాత్రి.

దారిలో కలిసినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను, మొదటినుంచీ వస్తున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. అదొక బొమ్మల స్టూడియో. అందులో పన్నెండు రోజుల కోర్సు, రోజుకి ఆరు గంటలు. పన్నెండు మంది విద్యార్థులు, ఒకే మోడల్, ఒకే భంగిమ. మొదటి రోజు చీటీలు తీస్తారు. ఎవరికి ఏ చోటు వస్తే పన్నెండు రోజులూ అదే చోటు. కాగితం బిగించే ఈజిల్ కాళ్ళ చుట్టూ నేల మీద సుద్దగీతలు గీసేస్తారు, అంగుళం జరపడానికి లేదు. మోడల్ ఒక మందపాటి శాలువాని, మంగలి షాపులో గుడ్డ కప్పినట్టు, ముందునుంచి భుజాల మీదుగా కప్పుకుని, వేదిక మీద వేసిన స్టూలు మీద కూర్చుంటుంది. ఎదురుగా ఉన్నవాళ్ళకి ముఖం, చేతులు, శాలువా మడతలు దొరుకుతాయి. పక్కనున్నవాళ్ళకి చెవీ చెంపా. వేదికకీ వెనక గోడకీ మధ్య ఇరుకులో ఒక్క ఈజిల్‌కే జాగా ఉంది. ఆ చీటీ తీసినవాళ్ళ రాత బాగాలేదన్నమాట. పన్నెండు రోజులూ ఒట్టి వీపే.

ఆ చీటీ పిన్నికి వచ్చింది. వీపు అయితేనేం, బుద్ధిగా గీసుకుంటే పోయేది. కానీ ఆవిడ ఇవాళ గీసిన భుజం రేపటికి సరిపోదు. రబ్బరుతో చెరపడం, మళ్ళీ గీయడం. కాగితం చిరుగుపట్టింది. ఈ విద్యలో దూరాన్నుంచి కొలవాలంటే అల్లిక సూది పట్టుకుని, చెయ్యి బారచాపి, ఒక కన్ను మూసి చూడాలి. మోచెయ్యి కాస్త వంగిందా, కొలత మారిపోతుంది. కొత్తవాళ్ళు చేసే తప్పల్లా అదే. అందుకే ఏడో రోజు మాస్టారు ఆవిడ మోచేతికి స్కేలు కట్టించారు. స్కేలు కట్టినా భుజం మారింది. మారడమంటే మామూలుగా కాదు, ఎడమ పక్కన దిగాల్సింది పోయి కుడి పక్కన దిగినట్టూ, కుడి పక్కది పోయి ఎడమ పక్కన దిగినట్టూ.

"రేపు సాయంత్రానికి ఏ భుజమో తేల్చండి పిన్నిగారూ," అన్నారాయన. "తేలకపోతే పక్కగదిలో కొన్నాళ్ళు ప్లాస్టర్ పాదం గీద్దురుగాని. అది కదలదు."

ఆ పక్కగది మాటకే పిన్నికి గుండెల్లో రాయి పడింది. పాదం గీయడానికి నామోషీ అనుకునేరు. అదేం కాదు. పక్కగదిలో మనుషులుండరు.

ఆవిడని అందరూ పిన్ని అంటారుగానీ, పిన్ని అనిపించుకోవాలంటే ముందు ఏ అక్కకో చెల్లెలై ఉండాలి. ఆవిడకి అక్కా లేదు, చెల్లీ లేదు. ఒక అన్న ఉండేవాడు, ఆయనా వెళ్ళిపోయాడు. పెళ్ళి రెండేళ్ళ ముచ్చట, తరవాత ఎవరి దారి వాళ్ళది. ముప్పై ఏళ్ళుగా రెండు గజాల వెడల్పు కొట్లో ఆడవాళ్ళ బట్టలు కుడుతోంది. ఒకప్పుడు కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు టేపు ఇంకా వీపు మీద ఉండగానే కాపురాలన్నీ చెప్పుకునేవారు. మనిషి ఎదురుగా ఉంటే చెప్పలేని మాట వెనక ఉన్నదానికి చెప్పడం సుళువు. ఇప్పుడందరూ కుట్టి ఉన్న బట్టలే కొంటున్నారు. కొట్టుకి వచ్చేవి పొట్టి చెయ్యాల్సిన ప్యాంట్లు, జిప్పు ఊడిన సంచులు. బల్ల మీద పడేసి, ఎప్పుడు రమ్మంటావని అడిగి వెళ్ళిపోతారు. ఒక్కోరోజు సాయంత్రం దాకా ఆవిడ గొంతు ఆవిడకే వినపడదు. గోడ మీద అంటించిన కాగితంలో 'పన్నెండు మంది, పన్నెండు రోజులు, ఒకే గది' అని ఉంటే, ఆ మాట చూసి చేరిందిగానీ, బొమ్మల మీద అంత మోజుండి కాదు.

ఎనిమిదో రోజు పొద్దున్నే కొట్టు తలుపు సగం తీసి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, పిన్ని కొలతల పుస్తకం తెరిచింది. దర్జీ చేతికి కొలత దొరికితే రాసుకోకుండా ఉండలేదు. స్టూడియోలో కూడా రోజూ మొదటి విడతలోనే శిలమ్మ వీపుని సూది లెక్కన రాసుకునేది. శిలమ్మంటే మోడల్. విడతకి ఇరవై అయిదు నిమిషాలు, ఈగ వాలినా కదలదని పిల్లలు పెట్టిన పేరు. మెడ నుంచి భుజానికి ఎంత, భుజం నుంచి నడుముకి ఎంత, ఏ భుజం ఎంత కిందకి ఉంది, అన్నీ ఏ రోజుకి ఆ రోజు రాసి మూసేసింది తప్ప, వరసగా ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు చూసింది. ఒకటో రోజు ఎడమ భుజం వేలెడు కిందకి. రెండో రోజు కుడి భుజం. మూడో రోజు ఎడమ. నాలుగో రోజు కుడి. వేలు పెట్టి మళ్ళీ మొదటినుంచి చదివింది. చెయ్యి వంగితే కొలత ఎలా పడితే అలా తప్పాలి. రోజు విడిచి రోజు, బడికెళ్ళే పిల్లలా ఇంత బుద్ధిగా తప్పదు. పోనీ మనిషే మారిందనుకుంటే, ఏ చేత్తో బరువు మోస్తే ఆ భుజం దిగుతుంది. ఒకే మనిషికి ఒకరోజు ఇటూ మర్నాడు అటూ దిగడం ఆవిడ ముప్పై ఏళ్ళలో చూడలేదు.

"ఇద్దరున్నారు," అంది పైకే. వినడానికి కొట్లో కుట్టుమిషను తప్ప ఏమీ లేదు.

మొదట పట్టరాని సంతోషం వచ్చింది. ఎందుకు రాదు? వారం రోజుల నుంచి ఆవిడని చూసి జాలిపడుతున్నారు. కాలేజీ పిల్లలు 'పర్లేదులే పిన్నీ' అంటున్నారు. పళ్ళ డాక్టరు అయితే, ఆయన గీసిన ప్రతి ముఖమూ నోరు తెరిచి చూపించమన్నట్టే ఉంటుంది, ఆయన కూడా ఓదారుస్తున్నాడు. పదకొండు జతల కళ్ళు, మాస్టారివి కలిపి పన్నెండు జతలు, ఏడు రోజులు ఎదురుగా కూర్చుని కనిపెట్టలేనిది, మూలన పడేసిన మనిషి కనిపెట్టింది. పుస్తకం సంచిలో వేసుకుని, టీ తాగడం కూడా మరిచిపోయి బయల్దేరింది.

నడుస్తూ ఉంటే వేడి కాస్త తగ్గింది. కొలత ఎవరిదో వాళ్ళనడక్కుండా ఊరికి చెప్పడం ఆవిడ వృత్తిలో లేదు. ఏ నెలలో ఎవరి నడుము పెరిగిందో, ఎవరి భుజం మీద చెయ్యి అచ్చు పడిందో, అన్నీ తెలిసి కూడా ముప్పై ఏళ్ళు నోరు కట్టుకున్న మనిషి. ముందు ఆ శిలమ్మనే అడుగుదాం అనుకుంది.

మోడల్ బట్టలు మార్చుకునే తెర పిన్ని ఈజిల్‌కి మూడడుగుల దూరంలోనే ఉంది. మొదటి విడత అయి గడియారం మోగగానే అందరూ ఒళ్ళు విరుచుకుంటూ కిటికీల వైపు వెళ్ళారు. పిన్ని సూదీ దారం పట్టుకుని తెర పక్కకి జరిపింది.

"శాలువా అంచు ఊడుతోందమ్మా. ఇలా ఇస్తే రెండు కుట్లు వేస్తాను."

ఆ మనిషి చొక్కా తగిలించుకుని నీళ్ళు తాగుతోంది. నలభై అయిదు దాటి ఉంటాయి. పిన్ని ఆ ముఖాన్ని దగ్గర్నుంచి చూడడం అదే మొదటిసారి. చూసిన ముఖమే అనిపించలేదు. ఆ వీపుకి ఎలాంటి ముఖం ఉంటుందని అనుకుందో, అలా లేదు.

"ఇవ్వండి, మీకెందుకు శ్రమ," అంటూనే ఆ మనిషి శాలువా అందించింది.

పిన్ని దారం ఎక్కిస్తూ తల ఎత్తకుండా అడిగింది. "నిన్న వచ్చినావిడ నీకు అక్కా, చెల్లెలా?"

గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది.

"నిన్న కూడా నేనేగా వచ్చింది."

"నిన్న వచ్చినావిడకి ఎడమ భుజం దిగి ఉంటుంది. వెన్ను కూడా ఎడమకి ఒరుగుతుంది. నీకు కుడి భుజం. చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకులే అమ్మా, మీరిద్దరున్నారు."

తెర అవతల ఎవరో నవ్వారు. మాస్టారి చెప్పుల చప్పుడు ఇటు వచ్చి అటు వెళ్ళింది. ఆ చప్పుడు వెళ్ళేదాకా ఆ మనిషి ఊపిరి తీసుకోలేదు.

"ఎవరెవరికి చెప్పారు?"

"కొలతలు బయట చెప్పే అలవాటు నాకు లేదు."

"అక్క," అందామె చివరికి. "నాకంటే పది నిమిషాలు పెద్ద. మా అమ్మే గుర్తుపట్టలేకపోయేది మమ్మల్ని. మీరు వెనకనుంచి చూసి..." గడియారం మోగింది. ఇంకో మాట లేకుండా చొక్కా తీసి, శాలువా కప్పుకుని, సుద్దగీతల్లో పాదాలు పెట్టి కూర్చుంది.

ఆ విడతలో పిన్ని గీసిందేమీ లేదు. బొగ్గుముక్క పట్టుకుని చూస్తూ కూర్చుంది. రెండు వీపుల్ని ఒకటిగా కలపబోయి వారం రోజులు కాగితాన్ని చీల్చుకుతిన్నానా అనుకుంది. ఇప్పుడు చూస్తే దేనికది ఎంత వేరో. ఈ వీపు కాస్త పొడుగు, మెడ దగ్గర కండ గట్టిది. పని చేసే వీపు. నిన్నటిది కూర్చోవడం నేర్చిన వీపు. అందులో ఏదో నొప్పి ఉంది. ఆ ఒరగడం అలసట వల్ల వచ్చింది కాదని ఇప్పుడు తెలుస్తోంది.

రెండో విరామంలో మిగతాది బయటికొచ్చింది.

"ఇరవై ఏళ్ళు కూర్చుందండీ అక్క ఆ స్టూలు మీద. శిలమ్మంటే తనే, నేను కాదు. పోయినేడు నుంచి నడుం పూస పట్టేసింది. ఒకరోజు కూర్చుంటే మర్నాడు మంచం దిగలేదు. అందుకని ఆ మర్నాడు నేనొస్తున్నా. నేను లాండ్రీలో ఇస్త్రీ చేస్తాను."

"అదీ సంగతి! ఇస్త్రీపెట్టె, కుడి భుజం," అంది పిన్ని, లెక్క కుదిరిన పిల్లలా. చెల్లెలికి అంత భయంలోనూ నవ్వొచ్చింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"మాస్టారికి చెబితే ఏమంటారు?" అని అడిగింది పిన్ని. "చెడ్డవాడు కాదుగా."

"చాలా మంచాయన. అయ్యో అంటారు, డాక్టరు దగ్గరకి వెళ్ళమంటారు. వచ్చే కోర్సుకి ఇంకొకర్ని పిలుస్తారు. ఆయనకో పట్టుదల ఉంది కదా, ఒక భంగిమకి ఒక్క మనిషే అని. ఒకసారి ఒకమ్మాయి మధ్యలో జుట్టు కత్తిరించుకొచ్చిందని క్లాసు మొత్తం కాగితాలు చింపించేశారు. ఆ అమ్మాయిని మళ్ళీ గడప తొక్కనివ్వలేదు." చెల్లెలు శాలువా అంచు చేత్తో తడిమింది. "తిండికి ఫరవాలేదు పిన్నిగారూ, నేను తెస్తాను. కానీ అక్క ఇంట్లో ఉన్న రోజు గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఇక్కడికొచ్చిన రోజు పన్నెండు మంది తనని చూస్తారు. ఆ ఒక్కదానికే లేస్తోంది."

పన్నెండు మంది అన్న మాట పిన్నికి ఎక్కడో తగిలింది. ఆవిడ కూడా పొద్దున్నే లేస్తున్నది దానికే. దారం కొరికి, శాలువా మడిచి ఇచ్చింది.

సాయంత్రం నాలుగున్నరకి మాస్టారు కాగితాలు చూడడానికి బయల్దేరారు. మోడల్ కూర్చునే ఉంటుంది, ఆయన ఒక్కో ఈజిల్ దగ్గరే ఆగి మాట్లాడతారు, వినాలనుకున్నవాళ్ళు వెనకే వెళతారు. ఇవాళ అందరూ వెనకే వెళ్ళారు. పిన్ని సంగతి ఏమవుతుందో చూడాలని ఎవరికుండదు?

"ఊఁ, ఏ భుజం?" అన్నారాయన.

పిన్ని చెయ్యి సంచి మీద ఉంది. సంచిలో పుస్తకం ఉంది. పుస్తకం తీసి ఒక్క పేజీ చూపిస్తే చాలు. మాస్టారు నోరెళ్ళబెడతారు. పళ్ళ డాక్టరు తనే నోరు తెరిచి చూపిస్తాడు. ఇక ఆవిడ మూలన పడ్డ ముసలి దర్జీ కాదు, ఈ గదిలోకెల్లా పదునైన కన్ను. విరామంలో పిల్లలు ఆవిడ చుట్టూ చేరతారు, ఎలా కనిపెట్టావు పిన్నీ అని అడుగుతారు. ఆ ఊహ ఎంత తియ్యగా ఉందంటే, ఆవిడకే సిగ్గేసింది.

ఆవిడ మాట్లాడకపోయేసరికి మాస్టారికి జాలి కలిగింది. కసిరి ఉంటే బాగుండేది, జాలే కొంప ముంచింది. జేబులోంచి అల్లిక సూది తీసి, చెయ్యి చాపి, ఒక కన్ను మూశారు.

"కుడి భుజం కింద ఉంది. ఇదిగో," అని ఆవిడ కాగితం మీద బొగ్గుతో రెండు గుర్తులు పెట్టారు. "మిమ్మల్ని పక్కగదికి పంపను లెండి. రేపటినుంచి రోజూ పొద్దున్నే నేనొచ్చి మీ పక్కన నిలబడి కొలుస్తాను, మీరూ కొలవండి. ఈ గుర్తులకి సరిపోతుందో లేదో నాలుగు రోజుల్లో ఇద్దరం కలిసి తేల్చేద్దాం."

ఇంతకంటే మంచి మాట ఆ కోర్సులో ఎవరితోనూ ఆయన అనలేదు. పిన్ని మాత్రం మనసులో రోజులు లెక్కపెట్టుకుంది. రేపు తొమ్మిదో రోజు. రేపు వచ్చేది అక్క. ఆయన ఇదే చోట నిలబడి చెయ్యి చాపితే, ఆ గుర్తు దగ్గర కుడి భుజం ఉండదు. ఆయన మోచెయ్యి వంగదు.

ఎదురుగా చెల్లెలి వీపు ఉంది. పాపం అన్నీ వింటోంది, తల తిప్పడానికి లేదు.

"వద్దు మాస్టారూ," అంది పిన్ని. "మోచెయ్యే వంగుతోంది. మొదటినుంచీ వంగుతోంది, నాకు తెలుసు. ఒప్పుకోవడానికి మొహం చెల్లక ఇన్నాళ్ళూ ఊరుకున్నా. మీరు నా కోసం పొద్దున్నే వచ్చి నిలబడొద్దు. నేను పక్కగదిలో పాదం గీసుకుంటాను."

"ఇక్కడే ఉండి నేర్చుకోవచ్చు కదమ్మా."

"నా వల్ల కాదండీ."

ముప్పై ఏళ్ళలో కొలత తప్పిందని ఆవిడ ఒప్పుకోవడం అదే మొదలు. కొట్లో ఎంత పేచీకోరు మనిషి వచ్చి అరిచినా, టేపు తెచ్చి చూపించి నోరు మూయించిన ఘటం. ఇప్పుడు తప్పని కొలతకి తప్పు ఒప్పుకుంది. కాలేజీ పిల్ల ఒకతె ఆవిడ చెయ్యి నొక్కింది. ఆ ఓదార్పు కంటే చెంపదెబ్బ నయం అనిపించింది పిన్నికి. ఆ సమయంలో వేదిక మీద కుడి భుజం ఒక్కసారి ఎగిసి పడింది. ఎనిమిది రోజుల్లో మోడల్ కదలడం అదే మొదటిసారి, చూసింది పిన్ని ఒక్కతే.

తొమ్మిదో రోజు.

పక్కగదికి రెండు తలుపులు. ఒకటి స్టూడియోలోకి, ఒకటి వెనక సందులోకి. మధ్యలో బల్ల మీద తెల్లటి ప్లాస్టర్ పాదం, మడమ దగ్గర పెచ్చు ఊడిపోయి. అల్మారాలో ముక్కులు, చెవులు, మణికట్టు దాకా ఒక చెయ్యి. మనిషిని ముక్కలు చేసి సర్ది పెట్టినట్టు అన్నీ ఉన్నాయి, మాట్లాడేది ఒక్కటీ లేదు. పిన్ని చెయ్యి చాపి పాదం కొలిచింది. సరిగ్గా వచ్చింది. మళ్ళీ కొలిచింది, మళ్ళీ అంతే వచ్చింది. పావుగంటలో పాదం అయిపోయింది. ఇక మధ్యాహ్నం దాకా ఏం చెయ్యాలో తోచలేదు.

గోడ అవతల గడియారం మోగింది. కుర్చీలు జరిగాయి, ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. ఆ నవ్వులో తనకి తెలిసిన గొంతులు ఏరుకుంటూ కూర్చుంది పిన్ని. విరామంలో ఎవరైనా వస్తారనుకుంది. పిల్లలు వస్తారు, ఎలా ఉన్నావు పిన్నీ అంటారు అనుకుంది. తలుపు తెరుచుకుంది కూడా. పళ్ళ డాక్టరు తల పెట్టి చూశాడు.

"పిన్నిగారూ, మీ దగ్గర చిన్న కత్తి ఉందా? నా బొగ్గు పెన్సిలు విరిగింది."

ఇచ్చింది. ఆయన చెక్కుకుని, మళ్ళీ ఇచ్చేసి, "పాదం బ్రహ్మాండంగా ఉంది," అని వెళ్ళిపోయాడు. ఆయన పాదం వైపు చూడనేలేదు. పిన్నికి అప్పుడు ఏడుపొచ్చింది. ఎవరికీ ఆవిడ మీద కోపం లేదు, ఎవరూ ఆవిడని వెలివేయలేదు. ఆవిడ లేని చోటు ఆవిడ లేకుండానే నిండిపోయింది, అంతే. కళ్ళు తుడుచుకుంటే బొగ్గు అంటుకుని ముఖం ఇంకా ఘోరంగా తయారైంది.

అలా ఉండగానే సందువైపు తలుపు చప్పుడైంది. చెల్లెలు వచ్చింది. ఇస్త్రీ వాసన వేసే చొక్కా, చేతిలో చిన్న సంచీ.

"లాండ్రీకి వెళ్ళలేదూ?"

"ఒంట్లో బాలేదని చెప్పా." తలుపు వెనక నిలబడి గోడ వైపు చూసింది. గోడ అవతల అక్క ఉంది. "రాత్రి అక్కకి చెప్పాను, మీరన్నదంతా. అంతా విని, ఆవిడ ఎలా ఉంటుంది అని అడిగింది. ఎనిమిది రోజులు వెనక కూర్చున్నారు, నిన్నటిదాకా మీ ముఖం మాకిద్దరికీ సరిగ్గా తెలీదు చూశారా."

"ఇప్పుడు చూస్తున్నావుగా, మసి బొమ్మని. నువ్విక్కడ ఉండకూడదమ్మా. ఎవరైనా చూస్తే నా పాదం గీతలన్నీ వృథా."

చెల్లెలు కదల్లేదు. "నిన్న భోజనాల వేళ అందరి కాగితాలూ చూసొచ్చా. పదకొండింటిలోనూ అక్కే ఉంది. నేను నాలుగు రోజులు కూర్చున్నా, పిన్నిగారూ. కాళ్ళు తిమ్మిరెక్కి, మెడ పట్టేసి. ఒక్కదాంట్లో కూడా నేను లేను. మీ కాగితంలో ఉన్నా. చెరిపేసిన గీతల కింద, కనపడీ కనపడకుండా." చేతిలో సంచీ కింద పెట్టింది. "నన్నొక్కసారి నన్నుగా గీస్తారా? ఒక్క విడత చాలు. మళ్ళీ అడగను."

ఇది పిచ్చిపని అని పిన్నికి తెలుసు. వెళ్ళిపో అనడానికి నోరు తెరిచింది కూడా. కానీ పొద్దుట్నుంచి ఆ గదిలోకి ఆవిడ కోసం వచ్చిన మనిషి ఇదొక్కతే. లేచి, స్టూడియో వైపు తలుపుకి గడియ పెట్టింది. పాదాన్ని బల్ల మీంచి తీసి కింద పెట్టింది. కొత్త కాగితం బిగించింది.

చెల్లెలు స్టూలు జరుపుకుని, చొక్కా ముందుకి తిప్పి కప్పుకుని, వీపు ఇచ్చి కూర్చుంది. పిన్ని చెయ్యి చాపింది. కొలత ఒక్కసారికే నిలిచింది. మెడ గీత పడింది, కుడి భుజం దిగాల్సిన చోటికి దిగింది, ఎక్కడా రబ్బరు అవసరం పడలేదు. గీస్తూ గీస్తూ ఆవిడ అడిగింది, నీకు పిల్లలున్నారా అని. లేరంది. నీకు సాయంత్రాలు ఎలా గడుస్తాయని అడిగింది. చెల్లెలు గోడకేసి చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఎన్నాళ్ళయిందో ఒక వీపు పిన్నితో అలా మాట్లాడి. వింటూ, మధ్యమధ్య ఊఁ కొడుతూ, ఎడమ భుజం సగం దాకా వచ్చేసరికి ఆవిడకి పక్కగదిలో ఉన్నాననే గుర్తు లేదు.

తలుపు తట్టారు.

"పిన్నిగారూ," మాస్టారి గొంతు. ఆయన ఎప్పుడూ అంత మెల్లగా మాట్లాడగా వినలేదు. "మీ చోట నిలబడి కొలిచాను. నిన్న నేను పెట్టిన గుర్తులకి ఇవాళ ఆ వీపు సరిపోవడంలేదు. నాలుగు సార్లు చూశాను. మీ మోచెయ్యి వంగలేదమ్మా. తలుపు తీయండి, మీతో మాట్లాడాలి."

పిన్ని చేతిలో బొగ్గు పుటుక్కున విరిగింది. సందువైపు తలుపు చూపించి, లే, వెళ్ళు అని సైగ చేసింది. వీపు ఇచ్చి కూర్చున్న మనిషికి సైగ ఎలా కనపడుతుంది? దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పింది.

"నా బొమ్మ అయిందా?" చెల్లెలు అంతే మెల్లగా అడిగింది.

"సగం. ఎడమ భుజం ఉంది. వెళ్ళమ్మా, నీకు దణ్ణం పెడతాను."

"నాలుగు రోజులు అక్కలా కూర్చుని కదల్లేదు పిన్నిగారూ. ఇవాళ నాలా కూర్చున్నా. ఇప్పుడు లేస్తే మళ్ళీ కూర్చోలేను." ఆ వీపు ఇంచు కూడా కదల్లేదు. "మీరు గీయండి."

తలుపు అవతల చప్పుడు ఆగింది. గోడ అవతల గడియారం ఇంకా మోగలేదు. అంటే వేదిక మీద అక్క ఇంకా కూర్చునే ఉంది, ఆయనకి వెనక, పది అడుగుల దూరంలో.

"లోపల ఎవరితో మాట్లాడుతున్నారు?" అన్నారు మాస్టారు.

పిన్ని గడియ వైపు చూసింది. తరవాత కాగితం వైపు చూసింది. విరిగిన బొగ్గుముక్కల్లో పెద్దది ఏరుకుని, చెయ్యి బారచాపి, ఒక కన్ను మూసి, ఎడమ భుజం కొలత తీసుకుంది.

"ఒక్క నిమిషం ఆగండి మాస్టారూ," అంది. "మనిషి కూర్చుని ఉంది."